వీధిని ఊడ్చేది చీపురొక్కటేనా?

పట్టణంలో బతికే మనిషి ఒక్కొక్కడు రోజుకు మూడు వందల గ్రాములకు తక్కువ కాకుండా చెత్త పారేస్తాడని పారిశుధ్యం లెక్కలు కట్టేవాళ్ళు చెబుతారు. పెద్ద నగరాల్లో అది అర కిలో దాకా పోతుంది. మూడు వందల గ్రాములంటే మన కంటికి ఆనేది కాదు. నాలుగు ఉల్లిపొట్లు, వడకట్టిన చాయపత్తి, ఒక ఖాళీ పాల పాకెట్టు, రాత్రి మిగిలిన పిడికెడు అన్నం, అంతే. కాని వెయ్యి గడపలున్న ఒక వాడను తీసుకోండి. ఇంటికి ఐదుగురి చొప్పున ఐదు వేల మంది. రోజుకు 1,500 కిలోలు, అనగా ఒకటిన్నర టన్ను. వారం రోజులు ఎవరూ ముట్టకుండా వదిలేస్తే పది టన్నులు దాటుతుంది. మనం దసరా సెలవులకు ఊరికి పోయి వచ్చేలోపల వీధి మూసుకుపోవాలి. కాని పోవడం లేదు. ఎందుకు పోవడం లేదు, ఎక్కడ పోతున్నది, ఎవరి చేతుల మీదుగా పోతున్నది అన్న సంగతే ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను.

పల్లెలో ఈ లెక్క వేరు. వ్యవసాయం ఉన్న ప్రతి ఇంటికీ ఒక పెంటకుప్ప ఉంటుంది. పేడ, ఊడ్చిన కసువు, పొయ్యిలో బూడిద, పశువులు తినగా మిగిలిన చొప్పదంట్లు అన్నీ దాంట్లోకే. ఎండాకాలంలో, రోహిణి కార్తె వెళ్ళేలోపల బండ్లకెత్తి చేనుకు తోలుతారు. కాబట్టి పల్లెటూరి మనిషికి చెత్త అన్న మాట కంటే ఎరువు అన్న మాటే ముందు నోటికి వస్తుంది. పట్టణానికి ఇల్లు ఉన్నది గాని చేను లేదు. అసలు తేడా ఇక్కడే ఉంది. ఇంట్లో నుంచి బయటికి వచ్చినది చేరవలసిన చోటు కనుచూపు మేరలో లేదు గనుక, మధ్యలో మనుషులు ఒక గొలుసులాగా నిలబడి దాన్ని అందుకోవలసి వస్తుంది.

ఈ గొలుసు తెల్లవారక ముందే కదులుతుంది. హైదరాబాదు వంటి నగరంలో పెద్ద సడకులను రాత్రిపూటే, బండ్లు తగ్గిన తర్వాత ఊడుస్తారు. చిన్న పట్టణాల్లో తెల్లవారుజామున ఐదు, ఐదున్నరకే హాజరు పడుతుంది. శానిటరీ జవాను అనే ఆయన (పోలీసు జవాను కాదు సుమా, వెనుకటి రోజుల్లో జమేదారు అనేవారు) పేర్లు పిలిచి ఎవరికి ఏ గల్లీ అన్నది పంచుతాడు. ఊడ్చేవాళ్ళలో ఎక్కువ మంది ఆడవాళ్ళు. పొడుగు కట్టెకు ఈనెలు కట్టిన చీపురుతో రోడ్డు అంచు వెంబడి ఊడ్చుకుంటూ, ఇన్ని అడుగులకొక కుప్ప పెట్టుకుంటూ పోతారు. వాళ్ళ వెనక తోపుడు బండి రావాలి. మోరీలు తీసేవాళ్ళు వేరే గుంపు. వాళ్ళు పారలతో మురికి మన్ను తీసి పక్కన పోస్తారు. దాన్ని వెంటనే ఎత్తడానికి వీలులేదు, నీళ్ళు వడవాలి. కాని మరునాడు తప్పకుండా ఎత్తాలి. ఎత్తలేదంటే ఒక్క వానకే అదంతా మళ్ళీ మోరీలోకి దిగుతుంది, చేసిన పని చేసినట్టే పోతుంది. ఇక మైకులో పాట వేసుకుంటూ ఇంటింటికీ తిరిగే ఆటో మూడో గుంపు. హైదరాబాదులో 2015 నవంబరు నుంచి ఈ స్వచ్ఛ ఆటోలు దిగాయి, ఇంటికి రెండేసి డబ్బాలు కూడా పంచిపెట్టారు. ఆటో నింపుకొని పోయి ఒకచోట దించితే, అక్కడి నుంచి పెద్ద లారీలు డంపింగ్ యార్డుకు తీసుకుపోతాయి. వీళ్ళ పైన శానిటరీ ఇన్‌స్పెక్టరు, ఆ పైన హెల్త్ ఆఫీసరు, అందరి పైన కమిషనరు.

ఇది పారిశుధ్య విభాగం ఒక్కదాని సంగతి. వీధిలో ఇంకా చాలా ఉన్నాయి. రోడ్డులో గుంత పడితే ఇంజనీరింగు విభాగం రావాలి. దోమల పని ఎంటమాలజీ విభాగానిది. హైదరాబాదులో భూగర్భ మురుగు గొట్టాలు మునిసిపాలిటీవి కావు, 1989లో ఏర్పడిన జలమండలివి. వాన నీళ్ళు పోయే నాలాలు మాత్రం మునిసిపాలిటీవే. ఆడపిల్లలు చీకటి పడిన తర్వాత భయం లేకుండా నడవాలంటే వీధి దీపం వెలగాలి, ఆ పైన 2014 అక్టోబరులో మొదలైన షీ టీముల వంటి పోలీసు జట్టు కనిపెట్టుకొని ఉండాలి. ఒకే వీధికి ఇన్ని ఆఫీసులు. నడి రోడ్డులో మూత ఎగిరిపోయిన మ్యాన్‌హోల్ కనపడితే దారిన పోయేవాడికి అది జలమండలిదో, కార్పొరేషనుదో ఎట్లా తెలుస్తుంది? తెలియవలసిన అవసరం కూడా అతనికి లేదు. ఆ రెండు ఆఫీసుల వాళ్ళకు ఒకరి ఫోను నంబరు ఇంకొకరి దగ్గర ఉంటే చాలు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెబుతాను. పట్టణ పారిశుధ్యంలో సగం సమస్య చెత్తది కాదు, వేళది. ఆటో ఏడింటికి వచ్చి పోతుంది. మనం ఎనిమిదింటికి లేస్తాం. లేచి, సంచి మూతికట్టి మూలమలుపులో పెట్టి వస్తాం. ఇంకో పావుగంటకు కుక్కలు దాన్ని చింపుతాయి. ఆ గల్లీ ఊడ్చిన మనిషి ఆరున్నరకే ఊడ్చి పక్క వాడకు వెళ్ళిపోయింది, ఇక రేపే వస్తుంది. ఆ రోజంతా దారిన పోయే ప్రతివాడూ "మునిసిపాలిటీ వాళ్ళు ఏం చేస్తున్నరు?" అని తిట్టుకుంటూ పోతాడు. వాళ్ళు పని చేసిపోయారు, మనం వేళ తప్పాం. ఏ హాస్టల్ మెస్సు వెనక గోడ దగ్గర నిలబడి చూసినా ఈ సంగతి కాసేపట్లో అర్థమవుతుంది.

శుభ్రత వేరు, భద్రత వేరు అనుకుంటాం గాని రెండూ ఒకటే. మన హైదరాబాదు చరిత్రలోనే దీనికి సాక్ష్యం ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచింది. వేలాది మంది కొట్టుకుపోయారు. అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు మీదికెక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన ఎగువన రెండు జలాశయాలు కట్టమన్నారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయినాయి. ఆ మాట అందరికీ తెలిసిందే. కాని వరదతో పాటు నగరానికి భూగర్భ మురుగు కాలువల ఏర్పాటు గూర్చి కూడా ఆయన పథకం వేశారన్నది ఎక్కువ మంది తలచుకోరు. 1911లో ప్లేగు వచ్చి జనం గుడారాలకు తరలవలసి వచ్చింది. 1912లో నగరాభివృద్ధి సంస్థ, అదే సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడి, ఇరుకు వాడలు పడగొట్టి రోడ్లు వెడల్పు చేయడం మొదలుపెట్టింది. వరద, ప్లేగు, ఇరుకు గల్లీ, మురుగు నీరు - ఈ నాలుగూ ఒకే జబ్బుకు నాలుగు లక్షణాలని ఆనాటివాళ్ళు గ్రహించారన్నమాట. నూట పన్నెండేళ్ళ తర్వాత, 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో కురిసిన వానకు హైదరాబాదు కాలనీలు మళ్ళీ మునిగాయి. చెరువు కట్టలు తెగాయి. నాలాల పక్కన ఆక్రమణలు, నాలాల లోపల మన్నూ ప్లాస్టిక్కూ. వాన ఎక్కువ పడడం మన చేతిలో లేదు, నాలా నోట్లో సంచులు కుక్కడం మన చేతిలోదే.

విజ్ఞానశాస్త్ర విద్యార్థిని గనుక దోమ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. మలేరియాను దోమ మోస్తుందన్న రహస్యం బయటపడింది మన దగ్గరే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు బేగంపేటలో సర్ రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో నోబెల్ బహుమానం పొందాడు. ఆయన చూపిన దారినే తర్వాతివాళ్ళు దోమ జాతుల ఇళ్ళ చిరునామాలన్నీ కనిపెట్టారు. బోదకాలు తెచ్చే క్యూలెక్స్‌ది మురుగు నీరు. అనాఫిలిస్‌కు కాస్త తేట నీళ్ళు కావాలి. డెంగీ తెచ్చే ఈడిస్ మాత్రం మోరీ దగ్గరికే పోదు, అది మన ఇంట్లో మూత లేని డ్రమ్ములో, పాత టైరులో, కొబ్బరి చిప్పలో గుడ్లు పెడుతుంది. పగటిపూట కుడుతుంది. గుడ్డు దోమ కావడానికి మన ఎండలకు ఎనిమిది నుంచి పది రోజులు చాలు. వారానికి ఒక రోజు డ్రైడే పాటించమని, డ్రమ్ములు బోర్లించి ఎండబెట్టమని చెప్పేది అందుకే. ఆ ఏడు రోజుల లెక్క ఎవరో ఊరికే పెట్టింది కాదు. మోరీ దగ్గర మునిసిపాలిటీ మందు చల్లవచ్చు. మన నీళ్ళ తొట్టిని కడగడానికి కమిషనరు రాలేడు.

పరిస్థితి పూర్తిగా చెడిన తర్వాత కూడా నగరం లేచి నిలబడగలదా అంటే సూరత్ పేరు చెబుతారు. 1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు పుట్టింది. లక్షలాది మంది రైళ్ళు పట్టుకొని పారిపోయారు. మరుసటి సంవత్సరం ఎస్.ఆర్. రావు అనే అధికారి కమిషనరుగా వచ్చారు. ఆయన కొత్త యంత్రాలు కొనడం కంటే ముందు చేసిన పని, నగరాన్ని ఆరు జోన్లుగా చూసి తన అధికారాలను జోనల్ అధికారులకు పంచి ఇవ్వడం. ప్రతి అధికారీ పొద్దున పూట వీధుల్లో ఉండాలి, ఆఫీసు తర్వాత. చల్లటి గదుల్లో నుంచి రోజువారీ పనుల్లోకి రమ్మన్న ఆయన మాట అప్పట్లో ఒక సామెత లాగా వాడుకలోకి వచ్చింది. రెండేళ్ళు తిరగకముందే సూరత్ దేశంలో రెండో పరిశుభ్ర నగరమని అనిపించుకుంది. ఊడ్చేవాళ్ళు పాతవాళ్ళే, మారింది పైనున్నవాళ్ళు నిలబడిన చోటు.

అంత దూరం పోవలసిన పని కూడా లేదు. మన పక్కనే సూర్యాపేట ఉన్నది. ఇప్పుడది జిల్లా కేంద్రం, 2016 అక్టోబరు దాకా నల్లగొండ జిల్లాలో ఒక పట్టణం. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే జాతీయ రహదారి మీద బస్సులు ఆగి, చాయలు తాగి, ఆకులూ కప్పులూ పారేసిపోయే ఊరు. జనాభా లక్షకు అటు ఇటు. ఇటువంటి ఊరు 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో దేశం నలుమూలల నుంచి మునిసిపల్ అధికారులు వచ్చి చూసిపోయే ఊరైంది. ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ అప్పుడు కమిషనరు.

అక్కడ జరిగిన మొదటి పని వింటే ఆశ్చర్యం వేస్తుంది. వీధుల్లో చెత్తకుండీలు తీసివేశారు! చెత్తకుండీ ఉంటేనే గదా శుభ్రం అని మనం అనుకుంటాం. కాని కుండీ చుట్టూ ఏం జరుగుతుందో చూడండి. చెత్త తెచ్చిన పిల్లవాడు దగ్గరికి పోవడానికి అసహ్యపడి పది అడుగుల దూరం నుంచి విసురుతాడు. సగం లోపల, సగం బయట. పందులు, కుక్కలు, ఆవులు చేరతాయి. తడీ పొడీ కలిసి కుళ్ళుతుంది. ఎవరు వేశారో తెలియదు గనుక ఎవరినీ అడిగేది లేదు. కుండీ తీసివేస్తే చెత్త ఇంట్లోనే ఉండాలి, బండి వచ్చినప్పుడు చేతికే ఇవ్వాలి. అప్పుడు ఇచ్చేవాడికీ తీసుకునేవాళ్ళకూ ముఖాలు తెలుస్తాయి. తడిచెత్తలో ప్లాస్టిక్ కలిపితే అక్కడే, అప్పుడే అడగవచ్చు. ఇది ఇంజనీరింగు కాదు, మనిషి సిగ్గు మీద ఆధారపడ్డ ఏర్పాటు.

రెండో పని, తడి చెత్తను పొడి చెత్తను ఇంటి దగ్గరే వేరు చేయించడం. తడిది కంపోస్టుకూ వానపాముల ఎరువుకూ పోయింది. పొడిది షెడ్డులో కాగితం, అట్ట, ప్లాస్టిక్, ఇనుము అని ఏరి పాతసామాన్ల వ్యాపారులకు అమ్మారు. చివరికి పూడ్చవలసింది కొంచెమే మిగిలింది. ఇందులో గొప్ప యంత్రం ఏదీ లేదు. ఉన్న సిబ్బందే, ఉన్న ట్రాక్టర్లే. అంతకు ముందు కూడా వాళ్ళు ఆ చెత్తనే మోసేవారు. కాని కలిపి మోస్తే అది బరువు, వేరుచేసి మోస్తే సరుకు. ఘనవ్యర్థాల మీద అల్మిత్రా పటేల్ అనే ఆవిడ 1996లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం ఫలితంగా 2000 సంవత్సరంలో దేశమంతటికీ నిబంధనలు వచ్చాయి. పెద్ద పెద్ద నగరాలు గడువులు దాటబెట్టుకుంటూ కూర్చున్న కాలంలో ఆ నిబంధనలను చేసి చూపిన పట్టణాల్లో మన సూర్యాపేట ఒకటి.

వేరు చేయడం ఎందుకంత ముఖ్యమో కొంచెం శాస్త్రం చూద్దాం. తడి చెత్త కుళ్ళడానికి సూక్ష్మజీవులకు గాలి, తేమ, తగిన పాళ్ళలో కర్బనం నత్రజని కావాలి. కర్బనం పాతిక నుంచి ముప్పై పాళ్ళుంటే నత్రజని ఒక పాలు, తేమ సగానికి కాస్త పైన. అప్పుడు కుప్ప లోపల వేడి 55 నుంచి 65 డిగ్రీల దాకా పోతుంది. ఆ వేడికి రోగక్రిములు, కలుపు విత్తనాలు చస్తాయి. చలికాలం పొద్దున పెంటకుప్పను తవ్వితే పొగలు లేచేది ఈ వేడికే. అదే చెత్తను పాలిథీన్ సంచిలో మూతికట్టి వేస్తే లోపలికి గాలి పోదు. గాలి లేని చోట పనిచేసే వేరే జాతి సూక్ష్మజీవులు మొదలుపెడతాయి. మీథేన్ వాయువు పుడుతుంది, నల్లటి రసం కారి భూగర్భ జలంలోకి దిగుతుంది. డంపింగ్ యార్డులు వాటంతటవే అంటుకొని రోజుల తరబడి పొగచూరడానికి కారణం ఆ మీథేనే. హైదరాబాదు చెత్తంతా ఏళ్ళ తరబడి చేరిన జవహర్‌నగర్ చుట్టుపక్కల వాళ్ళను అడిగితే ఈ రసాయనశాస్త్రం మనకంటే బాగా చెబుతారు. అక్కడ 2020లో చెత్త నుంచి కరెంటు తీసే కేంద్రం మొదలైంది గాని, మండించాలన్నా ముందు తడి లేకుండా ఉండాలి. తిరిగి తిరిగి మాట మన ఇంటి రెండు డబ్బాల దగ్గరికే వస్తుంది.

వరంగల్లులో 2012 అక్టోబరులో ఇంకొక ముచ్చట జరిగింది. క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్ అని పేరు పెట్టి వారం రోజులు పోటీ నడిపారు. ఇతర పట్టణాల మునిసిపల్ సిబ్బందిని జట్లుగా పిలిపించి, వరంగల్లు వాడలను వాళ్ళకు పంచి ఇచ్చి, ఎవరి వాడలో ఇంటింటి సేకరణ బాగా జరుగుతుందో, ఎవరు తడి పొడి వేరు చేయించగలరో చూశారు. కబడ్డీ పోటీల మాదిరిగా పాయింట్లు. ఈ ఆలోచన నాకు నచ్చడానికి కారణం ఒకటుంది. పారిశుధ్య ఉద్యోగికి పని నేర్పడమంటే సాధారణంగా హాలులో కుర్చీలు వేసి ఉపన్యాసం ఇవ్వడమే. ఇక్కడ గల్లీలోనే నేర్చుకొని తమ ఊళ్ళకు తీసుకుపోయారు. వరంగల్లుకు వాడలు శుభ్రమయ్యాయి, వచ్చినవాళ్ళకు చదువు అబ్బింది.

ఇక ఈ జట్టులో అందరికంటే కింద, అక్షరాలా భూమి కింద పనిచేసే మనిషి గూర్చి చెప్పాలి. మురుగు గొట్టంలో ఆక్సిజన్ ఉండదు. గాలి తగలని మురుగులో సల్ఫేటును తిని బతికే బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడును వదులుతుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన, మన ప్రయోగశాలలో కిప్పు ఉపకరణం దగ్గర అందరం ముక్కు మూసుకునేది దానికే. గాలికంటే బరువు గనుక అడుగున నిలిచి ఉంటుంది. ప్రమాదం ఎక్కడంటే, గాలిలో పది లక్షల పాళ్ళకు ఒక పాలు లేకున్నా వాసన తెలుస్తుంది గాని, నూరు పాళ్ళు దాటితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. లోపలికి దిగినవాడు "ఏం లేదు, బాగానే ఉంది" అనుకుంటాడు. ఇంకా ఐదారు వందల పాళ్ళయితే నిమిషాల్లో స్పృహ పోతుంది. అతన్ని లాగడానికి రెండోవాడు దిగుతాడు. అతని కోసం మూడోవాడు. 2016 ఆగస్టులో మాదాపూర్‌లో ఒకే మ్యాన్‌హోల్ దగ్గర నలుగురు ఇట్లాగే చనిపోయారు. జట్టుగా పనిచేయడం అంటే ప్రాణం ఇచ్చిపుచ్చుకోవడం అని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, వాళ్ళు చేసేశారు. వాళ్ళకు కావలసింది తెగువ కాదు, ఒక గ్యాసు మీటరు, గాలి పంపు, నడుముకు తాడు, పైన నిలబడి ఎవరినీ దిగనివ్వని ఒక సూపర్‌వైజరు.

మనుషుల చేత పాకీ పని చేయించరాదని 1993లో ఒక చట్టం, మురుగు గొట్టాల్లోకి రక్షణ లేకుండా దింపరాదని కూడా కలిపి 2013లో ఇంకొక చట్టం వచ్చాయి. 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయిన ప్రతివారి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014 మార్చిలో తీర్పు చెప్పింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలు చేసింది. హైదరాబాదు జలమండలి 2017లో ఇరుకు గల్లీల్లోకి పోగలిగే చిన్న జెట్టింగు యంత్రాలు డెబ్బై దాకా దింపింది. వాటిని దళిత యువకులకే యజమానులుగా ఇప్పించారు. ఏ పని తాతలను గొట్టంలోకి దింపిందో, అదే పనిలో మనుమడు బండి యజమాని. ఈ ఒక్క మార్పును నేను ఎన్ని స్వచ్ఛ ర్యాంకుల కంటేనో ఎక్కువగా ఎంచుతాను. ఎందుకంటే దాపరికం లేకుండా మాట్లాడుకుంటే, మన ఊళ్ళలో ఊడ్చేవాళ్ళు, మోరీలు తీసేవాళ్ళు ఏ కులాల నుంచి వస్తున్నారో మనందరికీ తెలుసు. అందరం కలిసి పట్టణాన్ని శుభ్రంగా ఉంచుదామని వేదికల మీద అనేటప్పుడు, ఆ అందరిలో చీపురు ఎప్పుడూ ఒకే వాడవాళ్ళ చేతిలో ఎందుకున్నదో కూడా ఆలోచించవలసి ఉంది. తొడుగులు ఇవ్వడం, జీతం నెలనెలా వేళకు ఇవ్వడం, "ఏయ్" అని కాక "అక్కా", "అన్నా" అని పిలవడం పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

ఇప్పుడు మా అచ్చంపేటకు వద్దాం. వెనుక మహబూబ్‌నగర్ జిల్లాలో, 2016 అక్టోబరు నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్న మునిసిపాలిటీ. 2016 మార్చిలోనూ 2021 ఏప్రిల్‌లోనూ ఇక్కడ 20 వార్డులకు ఎన్నికలు జరిగాయి. 2019లో వచ్చిన తెలంగాణ మునిసిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు పెట్టమన్నారు: యువకులవి, మహిళలవి, పెద్ద వయసువాళ్ళవి, ఊరిలో పేరున్నవాళ్ళవి. కమిటీకి పదిహేను మంది. 2020 ఫిబ్రవరి 24న మహబూబ్‌నగర్‌లోనే పట్టణ ప్రగతి మొదలైనప్పుడు ఈ కమిటీల గూర్చి చాలా విన్నాం. లెక్క వేసి చూడండి. వార్డుకు అరవై, ఇరవై వార్డులకు 1,200 మంది. అచ్చంపేట వంటి పట్టణానికి ఇది చిన్న సైన్యం కాదు. వీళ్ళలో పదింట ఒక్కరు పొద్దున ఆటో వచ్చే వేళకు తమ గల్లీలో అరగంట నిలబడితే, సూర్యాపేటలో బండి దగ్గర జరిగిన పని ఇక్కడా జరుగుతుంది. కాగితం మీద ఉన్న జట్టును వీధిలోకి తేవడమే మిగిలింది.

మా పట్టణానికి ఇంకో ప్రత్యేకత ఉంది. దాని వెనక నల్లమల ఉంది. శ్రీశైలం పోయే రహదారి హాజీపూర్ దగ్గర నుంచి మన్ననూరు మీదుగా అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి దిగుతుంది. పండుగ దినాల్లో వందల కార్లు. కిటికీలో నుంచి పడ్డ చిప్సు పాకెట్టును ఊడ్చడానికి అడవిలో మునిసిపాలిటీ లేదు. ఉప్పు రుచి తగిలిన ఆ పాకెట్టును జింక నాకి మింగుతుంది. అటవీశాఖ వాళ్ళు చెంచు యువతీ యువకులను స్వచ్ఛ సేవకులుగా పెట్టుకొని రోడ్డు పొడుగునా ప్లాస్టిక్ ఏరిస్తున్నారు. అడవిని తమ ఇల్లుగా బతికినవాళ్ళు పట్టణంవాళ్ళ చెత్త ఏరుకోవలసి రావడం నాకు మింగుడుపడని సంగతి. అయినా వాళ్ళు ఏరుతున్నారు గనుకనే ఆ రోడ్డు ఆ మాత్రం ఉన్నది.

చివరిగా కంపోస్టు సంగతి. 2019 సెప్టెంబరులో మొదలైన పల్లె ప్రగతి కింద ఊరూరా ట్రాక్టరు, డంపింగు యార్డు, ఎరువు తయారుచేసే షెడ్డు వచ్చాయి. పట్టణాల్లోనూ కంపోస్టు చేస్తున్నారు. ఆ ఎరువును కొనవలసింది ఎవరు? చుట్టుపక్కల రైతులే. అచ్చంపేట మార్కెట్ యార్డుకు యాసంగిలో వచ్చే ముఖ్యమైన సరుకు వేరుశనగ. మావి ఎర్ర చెల్క, గరుకు దుబ్బ నేలలు, సేంద్రియ పదార్థం తక్కువ. ఎరువు ఎంత పోసినా తాగుతాయి. కాబట్టి గిరాకీ లేదని ఎవరూ అనలేరు. కాని వేరుశనగ కోసే పంట కాదు, పీకే పంట. చెట్టు మొదలు పట్టుకొని, వేళ్ళు మట్టిలోకి దూర్చి లాగుతారు, ఎక్కువగా ఆడవాళ్ళు, వట్టి చేతులతో. ఆ మట్టిలో పట్టణం నుంచి వచ్చిన కంపోస్టుతో పాటు ఒక్క పగిలిన సీసా పెంకు, ఒక్క బ్లేడు ముక్క, ఒక్క ఇంజెక్షన్ సూది ఉన్నా ఏమవుతుందో చెప్పనక్కరలేదు. 2016 నిబంధనలు సూదులు, బ్లేడ్లు, పాత బ్యాటరీల వంటివాటిని తడి పొడి రెండింటిలోనూ కలపకుండా మూడో సంచిలో ఇవ్వమన్నది ఇటువంటి చేతుల కోసమే. అందుకని రైతు కంపోస్టు సంచి చూపిస్తే వెంటనే కొనడు. మూతి విప్పి, పిడికెడు తీసి, అరచేతిలో మెల్లగా నలిపి చూస్తాడు.